దూరపు జట్టు, దగ్గరి పొరుగువాడు



అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో వరి కోతలయ్యాక సాయంకాలం చేలల్లో పిల్లలు బంతి తన్నుకుంటూ కనబడతారు. వారిలో ఒకడి ఒంటి మీద లేత నీలం, తెలుపు చారల చొక్కా, వీపున 10 అంకె ఉండడం ఇప్పుడు వింత కాదు. అది అర్జెంటీనా జట్టు చొక్కా. ఆ దేశం ఎటువైపు ఉందో వాడికి సరిగ్గా తెలియదు. ఆ భాషలో ఒక్క మాట రాదు. అయినా ఆ జట్టు ఓడిపోతే ఆ పూట అన్నం సహించదు.

"అయ్యగారూ, మావాడు రాత్రి రెండింటిదాకా ఫోనులో ఆట చూసి, పొద్దున్నే బడికి లేవడం లేదు. ఈ పిచ్చి పాపం కాదా?" అని తల్లులు అడుగుతున్నారు. సంఘ పెద్దలు కొందరు "అది లోకాశ, మానిపించండి" అంటారు. మరికొందరు "ఆటే కదా, పోనివ్వండి" అంటారు. రెండూ తొందరపడి చెప్పే జవాబులే. కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

చూడకుండానే ప్రేమించడం

కళ్లతో చూడనివారిని ప్రేమించగలగడం మనిషికి దేవుడు ఇచ్చిన గొప్ప శక్తి. చెదరిపోయిన విశ్వాసులకు పేతురు వ్రాస్తూ, వారు క్రీస్తును చూడకపోయినా ప్రేమిస్తున్నారని మెచ్చుకున్నాడు (1 పేతురు 1:8). దూరదేశం నుండి వచ్చే మంచి కబురు దప్పికగొన్నవానికి చల్లని నీళ్లవంటిదని సామెతల గ్రంథం (25:25) చెబుతున్నది. కువైట్ నుండి, ఖతార్ నుండి కొడుకు ఫోను కోసం ఎదురుచూసే మన తల్లులకు ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. కాబట్టి దూరాన ఉన్న జట్టును అభిమానించడం దానంతట అది తప్పు కాదు. ఆ అభిమానం మనల్ని ఏం చేస్తున్నదో అడగాలి.

మన జట్టు కథ

ఫుట్‌బాల్ పరదేశపు ఆట, మన తెలుగువారికేం సంబంధం అని కొందరు అనుకుంటారు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడిపంతులు ఉండేవాడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే భారత జట్టుకు కూడా శిక్షకుడయ్యాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదనే 4-2తో ఓడించి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. పేద ఇంటి పిల్లవాడు. సాధనకు రావడానికి సైకిలు అద్దెకు రహీమ్ తన జేబులోంచి డబ్బు ఇచ్చేవాడు.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికే రహీమ్‌ను క్యాన్సర్ పట్టి పీడిస్తున్నది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో లక్షమంది జనం మన జట్టును గేలి చేస్తుండగా, తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ కట్టుతోనే ఆడి గోలు కొట్టాడు. దక్షిణ కొరియా మీద మనవాళ్లు 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడు జూన్‌లో రహీమ్ కన్నుమూశాడు. బలరాం కూడా అనారోగ్యం వల్ల చిన్న వయసులోనే ఆట మానవలసి వచ్చింది. ఆయన 2023 ఫిబ్రవరిలో మరణించాడు.

ఆ రోజుల్లో ఇటువంటి కబురు మన డెల్టాకు ఎలా చేరేది? 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఉంది. లేదంటే గుడివాడ మీదుగా బందరుకు వచ్చే పత్రిక ఉంది. రేడియోలో వార్తలు ఒక వరుసలో వచ్చేవి. దేశం సంగతి, రాష్ట్రం సంగతి చెప్పాక చివరన ఆటల సంగతి. అది వినాలనుకున్నవాడు ముందు వరదల కబురు, కరువు కబురు వినక తప్పేది కాదు. ఇప్పుడు చేతిలోని ఫోను మనకు ఏది ఇష్టమో కనిపెట్టి దాన్నే ముందుకు తెస్తున్నది. తక్కినదంతా వెనక్కు పోతున్నది. వెనక్కు పోయినవాటిలో మన పక్కింటివాడి కష్టం కూడా ఉండవచ్చు. మన పిల్లలకు వచ్చిన చిక్కు ఆటతో కాదు, ఈ వరుస తారుమారు కావడంతో.

ఆదివారం రాత్రి ఫైనళ్లు

ప్రపంచ కప్పు ఫైనల్ తరచుగా ఆదివారం నాడే వస్తుంది. 1986 జూన్ 29 ఆదివారం. మెక్సికోలో మిట్టమధ్యాహ్నం ఆట మొదలైతే మనకు రాత్రి 11.30 అయింది. మరడోనా నాయకత్వంలో అర్జెంటీనా 3-2తో పశ్చిమ జర్మనీని ఓడించింది. 2022 డిసెంబరు 18 కూడా ఆదివారమే. ఖతార్‌లో అర్జెంటీనా, ఫ్రాన్సు తలపడ్డాయి. మనకు రాత్రి 8.30కు మొదలై, 3-3 దగ్గర నిలిచి, పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలిచింది. మన ఊళ్లలో అవి క్యారల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరిగే రాత్రులు. అటువంటి రాత్రి కుర్రవాడి మనసు రెండుగా చీలడం సహజం.

ఆ ఫైనల్ ఆడిన మైదానాలు ఎవరు కట్టారో కూడా మన పిల్లలకు చెప్పాలి. భారతదేశం, నేపాల్, బంగ్లాదేశ్‌ల నుండి వెళ్లిన వలస కూలీలు మండుటెండలో కట్టారు. అభిమాని కన్ను బంతి వెంట పరుగెత్తుతుంది. విశ్వాసి కన్ను ఆ గోడ కట్టిన చేతిని కూడా చూడాలి.

జట్టు ఊరు మారితే

అభిమానం పెట్టుకున్నది ఎంత గట్టిదో కూడా చూసుకోవాలి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు ఏర్పడింది. కోవిడ్ కారణంగా 2020 నుండి రెండేళ్లపాటు ఆ లీగు ఆటలన్నీ గోవాలోనే జరిగాయి కాబట్టి, హైదరాబాదువారు కూడా మనలాగే దూరం నుండే చూశారు. 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ జట్టుతో 1-1గా నిలిచి, పెనాల్టీల్లో 3-1తో హైదరాబాద్ కప్పు గెలిచింది. గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. తెలుగు కుర్రవాళ్లు ఎంతో సంబరపడ్డారు. తరువాత జట్టు ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. యజమానులు మారారు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. నాలుగేళ్లు తిరగకుండానే కప్పు గెలిచిన జట్టు మన ఊరిది కాకుండా పోయింది.

దీనికి బాధపడిన పిల్లవాణ్ణి చూసి నవ్వకండి. ఆ బాధ నిజమైనది. "నాయనా, నీ సంతోషమంతా అమ్ముడుపోయే వస్తువు మీద పెడితే అది ఏదో ఒక రోజు ఊరు మారిపోతుంది. ఊరు మారని స్నేహితుడు ఒకడున్నాడు" అని చెప్పడానికి అంతకంటె మంచి సమయం దొరకదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆట చూడడం వేరు, ఆట మీద డబ్బు ఒడ్డడం వేరు. ఫోనులోనే పందెం కాసే ఏర్పాట్లు వచ్చి ఎన్నో కుటుంబాలను అప్పులపాలు చేశాయి. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా దొంగదారులు ఉంటాయి. కౌలు డబ్బు, చిట్టీ డబ్బు ఇంట్లోంచి కనబడకుండా పోతుంటే తల్లిదండ్రులు మౌనంగా ఉండకూడదు. తిట్టి తరమకూడదు కూడా. కూర్చోబెట్టి లెక్క అడగండి. అప్పు ఉంటే ఇంటిల్లిపాది కలిసి తీర్చే మార్గం వెదకండి. సిగ్గుతో ఒంటరిగా మిగిలిన పిల్లవాడు ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదం ఉన్నది.

1977 నవంబరు 19

వార్తల వరుస అన్నాను. మన దివిసీమకు ఆ మాట బరువు తెలుసు. 1977 సెప్టెంబరు 24న ఫుట్‌బాల్ వీరుడు పీలే కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ జట్టు మీద ఆడాడు. ఆట 2-2తో ముగిసింది. దేశమంతా ఆ ముచ్చటే చెప్పుకున్నది. తరువాత రెండు నెలలైనా నిండలేదు. నవంబరు 19, శనివారం. ఆనాడు లోకమంతా యెరూషలేము వైపు చూస్తున్నది, ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇశ్రాయేలులో అడుగుపెడుతున్నాడని. సరిగ్గా ఆనాడే సముద్రం ఉప్పెనగా లేచి దివిసీమ మీద పడింది. అధికార లెక్కల ప్రకారమే మృతులు దాదాపు 10,000 మంది. లోకం పెద్ద కబురు వింటున్న ఆ గడియలో మన పల్లెల కేక వినేవారు లేరు.

తరువాత విన్నారు. విన్నవారు ఊరుకోలేదు. సినిమా నటులు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి చందాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చారు. ప్రొటెస్టెంటు సంఘాల సేవాసంస్థ 'కాసా' తీరం వెంట తుపాను ఆశ్రయాలు కట్టించింది. దివిసీమ అనే పేరు అంతకుముందు విననివారు కూడా సాయం పంపించారు. దూరాన్నుండి ప్రేమించడం ఎలా ఉంటుందో మన పెద్దవాళ్లు కళ్లారా చూశారు.

రగ్బీ బడి పిల్లలు

ఇంకా పాత సంగతి ఒకటి బందరులోనే ఉన్నది. 1841లో ఇంగ్లాండు నుండి రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు మచిలీపట్నం వచ్చారు. 1843లో నోబుల్ తెరిచిన బడే నేటి నోబుల్ కళాశాలకు మూలం. నోబుల్ 1865లో ఈ ఊళ్లోనే ప్రభువునందు నిద్రించాడు. ఫాక్స్ మాత్రం ఆరోగ్యం చెడి, స్వదేశం తిరిగివెళ్లి 1848లో చనిపోయాడు. ఆయన చదువుకున్నది రగ్బీ అనే బడిలో. 1845లో తమ ఫుట్‌బాల్ నియమాలను వ్రాసి పెట్టింది ఆ బడి పిల్లలే. చేతితో బంతి పట్టి పరుగెత్తే ఆటకు రగ్బీ అనే పేరు అక్కడి నుండే వచ్చింది.

ఫాక్స్ పోయాక ఆ బడివారు ఆయన జ్ఞాపకార్థం చందాలు వేసి, బందరు బడిలో ఒక ఉపాధ్యాయుణ్ణి పోషించారు. ఆ ఉద్యోగానికి 'రగ్బీ-ఫాక్స్ మాస్టర్' అని పేరు. ఆలోచించండి. మన కుర్రవాడు ఇక్కడ కూర్చుని ఎన్నడూ చూడని అర్జెంటీనా జట్టును అభిమానిస్తున్నాడు. ఆనాడు ఆ ఆటల బడివారు అక్కడ కూర్చుని ఎన్నడూ చూడని బందరు పిల్లలను తలచుకున్నారు. దూరం ఇద్దరికీ ఉన్నది. ఒక అభిమానం చప్పట్లతో ఆగుతుంది, మరొకటి చేయి చాచింది.

అంతియొకయ సంఘం చేసినదీ ఇదే. కరువు రాబోతున్నదని అగబు ద్వారా విన్నారు. యూదయలోని సహోదరులను వారిలో అనేకులు చూడలేదు. అయినా ఎవరి శక్తికొలది వారు పోగుచేసి బర్నబా, సౌలుల చేత పంపించారు (అపొస్తలుల కార్యములు 11:28-30). కబురు విన్న చెవి వారి చేతిని కదిలించింది.

ఇంట్లో ఏం చేద్దాం

పిల్లవాడి చొక్కా విప్పించనక్కరలేదు. ఇలా చేసి చూడండి. ఏ ఆట చూడాలో ముందే ఇంట్లో అనుకోండి. ఫైనల్ అయితే తండ్రి కూడా పక్కన కూర్చోవాలి. తక్కిన రోజుల్లో పదింటికి ఫోను అమ్మ దగ్గర ఉండాలి. కుటుంబ ప్రార్థనలో పిల్లలచేత ఆనాటి రెండు కబుర్లు చెప్పించండి, ఒకటి దూరానిది, ఒకటి మన వీధిది. రెంటి కోసం ప్రార్థించండి. వీధి కబురుకు చేయగలిగింది ఏదైనా ఉంటే మరునాడు ఆ పిల్లవాడినే పంపండి. మంచాన పడ్డ తాతకు మందులు తెచ్చిపెట్టడం కావచ్చు, తండ్రి లేని పిల్లకు లెక్కలు చెప్పడం కావచ్చు. యౌవనస్థుల కూటంవారు సాయంకాలం ఒక బంతి కొని, ఇంకా గుడికి రాని పిల్లలను కూడా ఆటకు పిలవండి. రహీమ్ మాస్టారు సైకిలు అద్దె ఇచ్చినట్టు, మీ ఊళ్లో ఒక పేద పిల్లవాడి దారిఖర్చు ఎవరైనా భరించండి.

ప్రియులారా, మనం ఇంకా చూడని రాజును ప్రేమిస్తున్నవారం. ఆయన మనల్ని దూరంలోనే వదిలి చూస్తూ కూర్చోలేదు, మన మధ్యకు దిగివచ్చాడు. మన పిల్లల అభిమానాన్ని అణచివేయకుండా, దానికి చేతులూ కాళ్లూ ఇచ్చే కృపను ప్రభువు మన కుటుంబాలకు దయచేయును గాక. ఆమేన్.