వైద్యపత్రిక భాష మారితే

ఒక దేశపు వైద్యపత్రిక అంతర్జాతీయం కావడానికి రెండు దారులున్నాయి. జర్మనీలో 1922లో వెలసిన 'క్లినిషే వోఖెన్‌ష్రిఫ్ట్' 1932లో క్రెబ్స్, హెన్సెలైట్‌ల యూరియా పరిశోధనను జర్మన్ భాషలోనే ప్రకటించింది. 1992లో ఆంగ్లనామం ధరించి, 1995లో 'జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ మెడిసిన్' అయింది. ఇతర దేశాల పాఠకులకు అందింది గాని, పాత జర్మన్ పత్రిక మిగలలేదు. 'డాయిచెస్ ఎర్ట్సెబ్లాట్' రెండో దారి పట్టింది. జర్మన్ ప్రతిని నిలుపుకొంటూనే, 2008 నుంచి శాస్త్రవ్యాసాలకు ఆంగ్ల సంచికను జతచేసింది.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు విద్యార్థులు గమనించవలసింది ఈ రెండో దారినే. పరిశోధన ఆంగ్లంలో రాసినా, దాని ఫలితాన్ని రోగికి ఇంటిభాషలోనే చెప్పాలి. ప్రతి వ్యాసానికీ తెలుగు సారాంశం తోడైతే, వైద్యపదాలు మన వాడుకలో నిలుస్తాయి.