పదకొండు పనుల నగరం

హైదరాబాద్ లాంటి నగరాల్లో ఎవరు పేదవాళ్లో గుర్తించడానికి 2012లోనే ఒక కమిటీ మంచి ప్రశ్నలు తయారుచేసింది. అలాంటి ప్రశ్నలకు జనం ఇచ్చిన జవాబులు మాత్రం నగరం ముందుకు రాలేదు.

హైదరాబాద్‌లో ఉపాధి, ఆదాయం, పేదరికం మీద ఈ ఆదివారానికి ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ గారు అడిగారు. వెతకడం మొదలుపెట్టగానే ముందు దొరికినవి సగటులు. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలు. మనిషికి నెలకు 31 వేల పైచిలుకు. నలుగురున్న ఇంటికి లక్షా పాతిక వేలు. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల లెక్క ఇంతకన్నా పైనే ఉంటుంది. అంకె సరైనదే. అయితే ఇందులో కంపెనీల లాభాలూ కలిసి ఉంటాయి. మొత్తాన్ని జనాభాతో భాగించినంత మాత్రాన ఆ డబ్బు ఇంటింటికీ చేరినట్టు కాదు.

దాని పక్కనే ఇంకో అంకె పెట్టి చూడాలి. 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో ఒక మనిషి నెల ఖర్చు సగటున 8,978 రూపాయలు. అంటే నలుగురికి 36 వేల లోపే. ఇదీ సగటే. అంతకు ముందు ఏడాది సర్వే దేశంలోని పట్టణవాసుల్ని ఖర్చును బట్టి వరుసలో నిలబెట్టింది. అట్టడుగు 5 శాతం మంది నెలకు తలకు 2,001 రూపాయలతో బతుకుతున్నారు. పై 5 శాతం ఖర్చు 20,824 రూపాయలు. బోరబండ అడ్డా మీద పొద్దున ఏడు గంటలకు పార, తట్ట పట్టుకుని నిలబడే మనిషి ఈ రెండు అంకెల నడుమ ఎక్కడున్నాడో చెప్పే కాగితం కావాలి. నేను వెతికింది దాని కోసమే.

దొరికింది ఎస్.ఆర్. హాషిం కమిటీ నివేదిక. పట్టణాల్లో పేద కుటుంబాలను గుర్తించే పద్ధతి చెప్పమని ప్రణాళికా సంఘం 2010 మేలో ఈ కమిటీని వేసింది. నివేదిక 2012 డిసెంబర్‌లో అందింది. పేదరికం మీద ఇప్పటిదాకా నేను చదివిన సర్కారీ పత్రాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ‘నీ దగ్గర రోజుకు ఎన్ని రూపాయలున్నాయి’ అని ఇది మొదలుపెట్టదు. ఎక్కడ ఉంటున్నావు, ఏం పని చేస్తున్నావు, ఇంట్లో నిన్ను ఆదుకునేవాళ్లు ఎవరున్నారు అని అడుగుతుంది. కథనంలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను.

పద్ధతి మూడు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టు దగ్గర కొందరిని పక్కన పెట్టేస్తారు. సొంత వాడకానికి నాలుగు గదులో అంతకన్నా ఎక్కువో ఉన్నవాళ్లు, కారు, ఏసీ, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ వంటివి ఉన్నవాళ్లు, ఫ్రిజ్, ల్యాండ్‌లైన్ ఫోన్, వాషింగ్ మెషీన్, ద్విచక్ర వాహనం అనే నాలుగింటిలో ఏ మూడైనా ఉన్నవాళ్లు లెక్కలోకి రారు.

రెండో మెట్టు దగ్గర కొందరిని మరో ప్రశ్న లేకుండా పేదవాళ్లుగా రాసుకుంటారు. ఇల్లే లేనివాళ్లు, ప్లాస్టిక్ పట్టాల గోడలూ కప్పూ ఉన్న గుడిసెల వాళ్లు, ఏ ఆదాయమూ లేనివాళ్లు ఇందులోకి వస్తారు. ఇంట్లో ఒక్కరైనా బిచ్చమెత్తుతున్నా, చెత్త ఏరుతున్నా, ఇళ్లల్లో జీతానికి పనిచేస్తున్నా, ఊడ్చే పనీ సఫాయి పనీ చేస్తున్నా ఆ కుటుంబం నేరుగా జాబితాలోకి వస్తుంది. ఇంట్లో సంపాదించే పెద్దలంతా రోజుకూలీలో నిలకడైన పని లేనివాళ్లో అయితే వాళ్లూ వస్తారు. పిల్లలే ఇంటి పెద్దలైన కుటుంబాలు, 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంట్లో సత్తువ ఉన్న మనిషి ఒక్కరూ లేని కుటుంబాలు కూడా అంతే.

అటూ ఇటూ చేరని కుటుంబాలకు మూడో మెట్టు. ఇల్లు, పని, కుటుంబ పరిస్థితి చూసి సున్నా నుంచి పన్నెండు దాకా మార్కులు వేస్తారు. మార్కులు ఎంత ఎక్కువైతే కష్టం అంత ఎక్కువ.

రెండో మెట్టులోని ‘సంపాదించే పెద్దలంతా రోజుకూలీలే అయితే’ అన్న వాక్యం దగ్గర ఆగాలి. ఆ ఇంట్లో పని చేసేవాళ్లున్నారు, సంపాదనా ఉంది. అయినా ఆ కుటుంబాన్ని పేద కుటుంబమే అంటోంది ఈ నివేదిక. నగర పేదరికం గురించి సర్కారు కాగితం మీద నేను చూసిన అతి నిజమైన మాట ఇది. నగరంలో పేదవాడు పనిలేకుండా కూర్చున్నవాడు కాదు. ఖాళీగా కూర్చుంటే గది కిరాయి ఎవరు కడతారు? అతను రోజూ పనికి పోతాడు, పని రోజూ దొరకదు.

మన ఉపాధి లెక్కలకు ఈ తేడా సరిగా పట్టదు. కాలావధి శ్రామిక శక్తి సర్వేలో వారం లెక్క ఒకటి ఉంది. గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం గంటసేపు పనిచేస్తే ఆ మనిషికి ఆ వారం ఉపాధి ఉన్నట్టే. ప్రపంచంలో చాలా దేశాలు వాడే కొలతే ఇది. కార్మికుల సంఖ్య తెలుసుకోవడానికి పనికొస్తుంది. వారంలో రెండు రోజులే పని దొరికి, మిగతా రోజులు పది గంటలకల్లా అడ్డా మీంచి గదికి తిరిగొచ్చిన తాపీ మేస్త్రీ ఇంటి పరిస్థితి దీనికి అందదు.

ఉపాధి లెక్క తర్వాత పేదరికం గీత. దాని చరిత్ర క్లుప్తంగా. 1962లో ఒక బృందం నెలకు తలకు 20 రూపాయలంది. 1971లో దండేకర్, రథ్ కేలరీలతో లెక్క కట్టారు. 1979లో అలఘ్ కమిటీ పల్లెకు 2,400, పట్నానికి 2,100 కేలరీలు అంది. తర్వాత 1993లో లక్డావాలా, 2009లో టెండూల్కర్ వచ్చారు. టెండూల్కర్ పద్ధతిలో 2011-12కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణాల గీత నెలకు 1,009 రూపాయలు. 2014లో రంగరాజన్ కమిటీ దేశంలోని పట్టణాలకు 1,407 రూపాయలంది, అంటే రోజుకు 47. పట్నంవాళ్లకు 300 కేలరీలు తగ్గించడం వెనకున్న ఆలోచన పట్నంలో ఒంటి కష్టం తక్కువని. కొండాపూర్‌లో ఐదో అంతస్తుకు ఇటుకలు మోసే ఆమెను ఆ సగటు లెక్కలోకి తీసుకోలేదు.

మళ్లీ హాషిం ప్రశ్నల దగ్గరకు వద్దాం. కమిటీ నివేదిక ఇంకా అందకముందే, అదే చూపుతో 2011లో మొదలైన సామాజిక, ఆర్థిక, కుల గణనలో పట్టణ కుటుంబాల పనుల్ని వర్గాలుగా రాసుకున్నారు. గ్రామాల ఫలితాలు 2015 జులైలో విడుదలయ్యాయి. పట్టణాల ఫలితాలు అలా జనం ముందుకు రాలేదు. ఆ పనుల జాబితా మాత్రం ఇంకోచోట బతికింది. 2018 సెప్టెంబర్‌లో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా మొదలైనప్పుడు, పట్టణాల్లో ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు అందులోని పదకొండు పనుల వర్గాలే ఆధారమయ్యాయి.

ఆ పదకొండూ చదువుతుంటే హైదరాబాద్ కళ్లముందు కదులుతుంది. చెత్త ఏరేవాళ్లు. బిచ్చమెత్తేవాళ్లు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. బండి మీద అమ్ముకునేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు. మేస్త్రీలు, ప్లంబర్లు, పెయింటర్లు, వెల్డర్లు, సెక్యూరిటీ గార్డులు, హమాలీలు. ఊడ్చేవాళ్లు, సఫాయి కార్మికులు, తోటమాలులు. ఇంటి దగ్గర కూర్చుని పనిచేసేవాళ్లు, చేతిపనివాళ్లు, దర్జీలు. డ్రైవర్లు, కండక్టర్లు, క్లీనర్లు, రిక్షా తొక్కేవాళ్లు. దుకాణాల్లో పనివాళ్లు, డెలివరీ సహాయకులు, హోటల్ వెయిటర్లు. ఎలక్ట్రీషియన్లు, మెకానిక్‌లు. బట్టలు ఉతికేవాళ్లు, చౌకీదార్లు.

వీళ్లలో ఏ ఒక్కరు వారం రోజులు పని మానేసినా మన కాలనీ నడవదు. కడుతున్న టవరు ఆగుతుంది, పిల్లల స్కూలు ఆటో రాదు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మనిషి ఉండడు.

ఏడో వర్గాన్నే తీసుకోండి. లాడ్‌బజార్‌లో మెరిసే లాఖ్ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన నగరానికి గౌరవమే. ఆ గాజుల మీద రాళ్లు అతికే పనిలో చాలా భాగం పాతబస్తీ గల్లీల్లో, చిన్న గదుల్లో జరుగుతుంది. ఇలా ఇంటి దగ్గర చేసే పనికి కూలి రోజులెక్కన రాదు, ముక్కలెక్కన వస్తుంది. కరెంటు పోయిన గంటకు, పిల్లాడికి జ్వరం వచ్చిన పూటకు కూలి లేదు. ఇలాంటి పనిలో ఉన్న ఆడవాళ్లు ‘మేం పనేం చేయం, ఇంట్లోనే ఉంటాం’ అనడం మామూలే. సర్వేకు వచ్చినవాళ్లు ఇంకో ప్రశ్న అడగకపోతే ‘గృహిణి’ అనే రాసుకుంటారు. 2023-24లో దేశంలోని పట్టణాల్లో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 28 శాతమే శ్రామిక శక్తిలో ఉన్నారని తేలింది. ఈ రాతలోనే కొంతమంది జారిపోయి ఉంటారని నా నమ్మకం.

హాషిం నివేదిక అంటే నాకు ఇష్టమే అయినా దాని మొదటి మెట్టును ఒప్పుకోలేను. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బండి వాయిదాల మీద ఎవరైనా కొనుక్కోగలిగినవి. జగద్గిరిగుట్టలో ఉండే పెయింటర్‌కు గచ్చిబౌలిలో పని దొరికితే బండి లేకుండా ఎలా పోతాడు? బండి అతని పనిముట్టు, కుంచె ఎలాగో అదీ అలాగే. అది ఇంటి ముందు ఉన్నంత మాత్రాన కలిగినవాడి కింద లెక్క కట్టడం అన్యాయం.

నగరంలో మనిషిని నలిపేది కిరాయి. పల్లెలో పని లేని నెల తిండికే కష్టం. పట్నంలో పని లేని నెల తల మీద కప్పు కూడా పోవచ్చు. మన పథకాల్లో చాలావాటికి ఆధారం రేషన్ కార్డు. తెలంగాణలో పట్టణాల్లో దానికి ఏడాది ఆదాయ పరిమితి 2 లక్షల రూపాయలు. అందులో కిరాయి ఎంత పోతుందో ఎవరూ అడగరు. నెలకు 16 వేలు సంపాదించి ఆరు వేలు కిరాయి కట్టేవాళ్లూ, అంతే సంపాదించి అమ్మానాన్నల ఇంట్లో ఉండేవాళ్లూ ఒకే గీత కింద ఉంటారు. నెలకు 17 వేలు సంపాదిస్తే ఏడాదికి 2 లక్షల 4 వేలు, కార్డుకు అర్హత పోతుంది. మీటర్ల సంగతీ ఇంతే. 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి 2024లో మొదలైంది. మంచి పథకం. నాలుగు గదులకు ఒకే మీటరున్న ఇంట్లో అద్దెకుండేవాళ్లకు అది అందడం కష్టం. యూనిట్లు కలిసిపోయి పరిమితి దాటుతాయి, వేరే గదిలో ఉన్న ఇంటి ఓనరు చెప్పినంత కరెంటు డబ్బు కట్టాలి.

2011 జనాభా లెక్కల్లో జీహెచ్ఎంసీ జనాభా 67 లక్షలు దాటింది. అందులో దాదాపు 23 లక్షల మంది బస్తీల్లో, మురికివాడల్లో ఉన్నట్టు తేలింది. ముగ్గురిలో ఒకరన్నమాట. ఇప్పటికీ మాట్లాడాల్సి వస్తే ఆ అంకె పట్టుకునే మాట్లాడుతున్నాం. నగరం ఔటర్ రింగు రోడ్డు దాటిపోయింది.

తొంభై రోజుల కాగితం

భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి, కార్మికుల సంక్షేమానికి వాడాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు. దానికి గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. అడ్డా కూలీకి రోజుకొక యజమాని. ‘ఎంతిస్తవ్ సారూ?’ దగ్గర మొదలైన బేరం సాయంత్రం డబ్బు చేతిలో పడగానే ముగుస్తుంది. తొంభై రోజులు పని చేశాడని రాసిచ్చే మనిషి కోసం యూనియన్ల చుట్టూ తిరగాలి. పాలమూరు నుంచి వచ్చి, పని ఎక్కడుంటే అక్కడికి మకాం మార్చే కుటుంబానికి ఇది మరీ కష్టం.

పాత జాబితాలో కొత్త పని

2011 నాటి ఆ పదకొండు పనుల జాబితాలో ‘డెలివరీ సహాయకుడు’ దుకాణం కుర్రాడి పక్కన, వెయిటర్ పక్కన ఉన్నాడు. అప్పటికి ఆర్డర్లు యాప్‌లో రావడం మన దగ్గర ఇంకా ఇంటింటికీ చేరలేదు. 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులున్నారని నీతి ఆయోగ్ అంచనా వేసింది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో వీళ్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, 2025 ఏప్రిల్‌లో ప్రత్యేక చట్టం ముసాయిదాను జనం ముందు పెట్టింది. బండి, పెట్రోలు, ఫోను, డేటా అన్నీ కార్మికుడివే. ఆ ఖర్చులు తీసేసి మిగిలిందే ఆదాయం అనాలి.

అయిదు రూపాయల అన్నం, చార్జీ లేని బస్సు

నగరంలో 5 రూపాయల భోజనం 2014లో మొదలైంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. దూరపు బస్తీలో కిరాయి తక్కువ, పనులు దొరికే కాలనీ దూరం. ఈ రెంటి మధ్య చార్జీలకు పోయే డబ్బు ఇళ్లల్లో పనిచేసే ఆమె చేతిలో మిగులుతోంది. రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం అడగకుండా అందే సాయం కాబట్టే ఇవి నిజంగా కావలసినవాళ్లకు చేరుతున్నాయి.

వచ్చే జనాభా లెక్కల్లో మనుషుల్ని లెక్కించేది 2027 ఫిబ్రవరిలో. ఆ లెక్కలతోపాటు నెల కిరాయి ఎంత, ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికింది అన్న రెండు ప్రశ్నలను మన నగరపాలక సంస్థలు బస్తీల్లో విడిగా అడగాలి. వార్డులవారీగా ఫలితాలు ప్రచురించాలి. 2011 పట్టణ గణన ఫలితాలు కూడా ఆలస్యంగానైనా బయటపెట్టాలి. అవి జనం ఇచ్చిన జవాబులు, జనానికే చెందాలి. పాఠకులకు ఒక విన్నపం. లెక్కలవాళ్లు మీ అపార్ట్‌మెంట్‌కు వచ్చినప్పుడు మెట్ల కింద గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం పేర్లు రాయించారో లేదో దయచేసి చూడండి. ఆ ఇంటి ఆడమనిషి మీ నాలుగు ఫ్లాట్లలో పనిచేస్తుంటే, ఆమె పేరు ఎదురుగా ‘పని చేస్తుంది’ అని రాయించండి.