పాత ట్రాక్టర్ పీటీఓ షాఫ్ట్‌కు గార్డు: ఎందుకు? ఎలా?

మొక్కజొన్న ఒలిచే యంత్రం, వేరుశనగ నూర్పిడి యంత్రం, పసుపు పాలిష్ డ్రమ్ము, రోటవేటర్, తోటలకు మందు కొట్టే ట్యాంకు, కాలువ నీళ్ళు తోడే పంపు. వీటన్నిటికీ బలం అందేది ట్రాక్టర్ వెనక తిరిగే పీటీఓ షాఫ్ట్ నుంచే. ఇరవై, ముప్పై ఏళ్ళ నాటి ట్రాక్టర్లు మన ఊళ్ళలో ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. ఇంజన్ బాగుంటుంది, లిఫ్టు బాగుంటుంది. షాఫ్ట్ మీద ఉండాల్సిన గార్డు మాత్రం చాలా బళ్ళకు కనిపించదు. విరిగిపోయో, ఎవరో ఊడదీసి మూలన పడేసో ఏళ్ళు గడిచి ఉంటాయి. అది లేకపోతే ఏమవుతుందో, మళ్ళీ ఎలా పెట్టించుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

అంత సన్నని షాఫ్ట్ మనిషిని ఎలా లాగేస్తుంది?

పీటీఓ మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరిగేలా తయారుచేస్తారు. అంటే సెకనుకు 9 చుట్లు. రెండున్నర అంగుళాల లావున్న షాఫ్ట్ గొట్టానికి కండువా అంచు తగులుకుంటే ఒక్క సెకనులో దాదాపు ఆరడుగుల గుడ్డ చుట్టుకుపోతుంది. గుడ్డ పొరలు పొరలుగా చుట్టుకునే కొద్దీ లావు పెరుగుతుంది, లాగే వేగమూ పెరుగుతుంది. ఏం జరుగుతోందో మెదడుకు తెలిసి, చెయ్యి వెనక్కి తీసుకునేలోపే పని అయిపోతుంది.

బలం సంగతి కూడా చూడండి. పీటీఓకు 30 హార్స్‌పవర్ అందుతుంటే, ఆ గొట్టం అంచు దగ్గర లాగే బలం ఒక టన్ను దాటుతుంది. ఎంత కండబలం ఉన్న మనిషైనా దాన్ని ఆపలేడు. ఇంజన్‌కు మనిషి అడ్డుపడ్డాడన్న సంగతే తెలియదు, శబ్దం కూడా మారదు.

షాఫ్ట్ నున్నగానే ఉంది కదా, దేనికి తగులుకుంటుంది?

కొత్తలో నున్నగా ఉంటుంది. తర్వాత తుప్పు పడుతుంది, బురద ఎండి గరుకు తేలుతుంది, గడ్డిపరకలు చుట్టుకుంటాయి. తడి గుడ్డ, ఊడిన నూలుపోగు, జడ చివర వెంట్రుకలు నున్నటి ఇనుముకు కూడా అతుక్కుంటాయి. అన్నిటికంటే ప్రమాదం షాఫ్ట్‌ను పీటీఓకు తగిలించే జాయింట్ కొస, అంటే యోక్ దగ్గర ఉంటుంది. యోక్‌ను పట్టి ఉంచే స్ప్రింగు పిన్ను పోతే, దాని చోట పొడవాటి బోల్టు వేసి నట్టు బిగించి నడిపేవాళ్ళు చాలామంది. బయటికి పొడుచుకొచ్చిన ఆ బోల్టు తల కొక్కెంలా పనిచేసి పంచెనో, చీర కొంగునో, చున్నీనో పట్టుకుంటుంది. గార్డు చేయించకముందే చేయాల్సిన పని ఆ బోల్టు తీసేసి కొలతకు సరిపోయే అసలు పిన్ను వేయించడం.

జాగ్రత్తగా ఉంటే చాలదా?

చాలదు. పొలంలో పని పొద్దున మొదలై రాత్రి దాకా సాగుతుంది. దుమ్ము, మోత, నిద్రలేమి, వాన వస్తుందేమోనన్న తొందర. కల్లంలో కూలికి వచ్చిన ఆడవాళ్ళు గంపలతో అటూ ఇటూ తిరుగుతుంటారు, పిల్లలు చూడడానికి వస్తారు. డ్రైవరు ముందుకు చూస్తుంటాడు, షాఫ్ట్ వెనక తిరుగుతుంటుంది. ఇంతమంది ఇన్ని గంటలపాటు ఒక్క క్షణమైనా ఏమరకుండా ఉండాలని కోరడం న్యాయం కాదు. మనిషి ఏమరిన ఆ క్షణంలో కాపాడడానికే గార్డు.

గార్డు అంటే ఒకటేనా?

మూడు భాగాలు కలిస్తేనే పూర్తి రక్షణ. మొదటిది, ట్రాక్టర్‌కు బిగించే కప్పు. పీటీఓ కొసకు పైనా, రెండు పక్కలా రేకు ఉంటుంది, కింద తెరిచి ఉంటుంది. రెండోది, షాఫ్ట్ పొడవునా తొడిగే ప్లాస్టిక్ గొట్టం. దాని రెండు చివరలా గరాటా ఆకారంలో మూతులు ఉంటాయి. మూడోది, యంత్రం వైపు షాఫ్ట్ దూరే చోట ఉండే కప్పు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా జాయింట్ బయటపడుతుంది. గొట్టం మూతి కప్పు లోపలికి కనీసం 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు చొచ్చుకుని ఉండాలి. పీటీఓ వాడనప్పుడు ఆ కొసకు వేసే టోపీ కూడా ఉంటుంది. దాన్నీ పారేయకండి.

ట్రాక్టర్ వైపు కప్పు ఎలా చేయించాలి?

ముందు మీ మోడల్‌కు కంపెనీ కప్పు దొరుకుతుందేమో విడిభాగాల షాపులో అడగండి. దొరికితే అదే మేలు. దొరకకపోతే వెల్డింగ్ షాపులో చేయించవచ్చు.

మొదట దళసరి అట్ట తెచ్చి నమూనా కత్తిరించండి. లోపలి వెడల్పు 11 నుంచి 12 అంగుళాలు ఉంటే, చెయ్యి పెట్టి పిన్ను నొక్కి యోక్ ఎక్కించడానికి వీలుగా ఉంటుంది, మలుపులో జాయింట్ వంగినా రేకుకు తగలదు. వెనక్కి పీటీఓ కొస దాటి మూడు అంగుళాల పైన రావాలి. అట్ట నమూనా పెట్టి, పనిముట్టును పూర్తిగా ఎత్తి ఒకసారి, పూర్తిగా దించి ఒకసారి, ఇంజన్ ఆపాక టాప్ లింకు, కింది చేతులు ఎక్కడైనా తగులుతున్నాయేమో చూడండి. పనిముట్టు ఎత్తి చూసేటప్పుడు దాని కింద గట్టి దిమ్మెలు పెట్టాలి. అన్నీ సరిపోయాకే రేకు కోయించండి.

రేకు మందం 5 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. అంత మందం ఎందుకంటే, వెనక నుంచి ఎక్కేవాళ్ళు తప్పకుండా దాని మీద కాలు పెడతారు. పెట్టొద్దని చెప్పినా పెడతారు. మనిషి బరువుకు వంగి షాఫ్ట్‌కు ఆనుకునే గార్డు ఉండీ లాభం లేదు. అంచులన్నీ గ్రైండర్‌తో నున్నగా చేయించి, మూలలు గుండ్రంగా తిప్పించి, పసుపు రంగు వేయించండి. దూరం నుంచే కనబడుతుంది.

దాన్ని ట్రాక్టర్‌కే వెల్డింగ్ చేసేస్తే పోదా?

వద్దు. ట్రాక్టర్ వెనక భాగం పోత ఇనుము. మామూలు వెల్డింగ్ వేడికి అది పగులుతుంది, లోపలి ఆయిల్ సీళ్ళు మాడిపోతాయి. కొత్త రంధ్రాలు వేయడమూ అంతే ప్రమాదం, లోపల గేర్లూ నూనే ఉంటాయి. పీటీఓ చుట్టూ కంపెనీ వదిలిన బోల్టు రంధ్రాలనే వాడుకోవాలి. అక్కడికి సరిపోయే పట్టీ విడిగా చేయించి, కప్పును ఆ పట్టీకి బల్ల మీదే వెల్డింగ్ చేయించి, తర్వాత తెచ్చి బిగించాలి. అదురుకు నట్లు వదులవుతాయి కాబట్టి స్ప్రింగు వాషరు గానీ లాక్ నట్టు గానీ తప్పనిసరి.

షాఫ్ట్ మీది గొట్టం పీవీసీ పైపుతో చేసుకోవచ్చా?

ఈ ఒక్క భాగం మాత్రం కొనుక్కోవడమే మంచిది. లోపల షాఫ్ట్ తిరుగుతున్నా పైన గొట్టం నిలిచి ఉండాలి. అందుకోసం యోక్ మెడ మీద ఒక గాడి ఉంటుంది, ఆ గాడిలో నైలాన్ బేరింగు రింగు కూర్చుంటుంది. గొట్టం ఆ రింగు మీద ఆనుతుంది. ఇంట్లో కోసిన పైపుకు ఈ ఏర్పాటు ఉండదు. అది షాఫ్ట్‌తో పాటే తిరుగుతుంది, ఎండకు పెళుసెక్కి పగులుతుంది, పగిలిన అంచే మళ్ళీ గుడ్డను పట్టుకుంటుంది.

కొనేటప్పుడు జాయింట్ మధ్య ఉండే క్రాస్ కప్పు వ్యాసం, క్రాస్ పొడవు, షాఫ్ట్ మూసినప్పటి పొడవు కొలుచుకుని వెళ్ళండి. మీ పాత యోక్‌కు గాడి లేకపోతే గార్డుతో సహా షాఫ్టే మార్చాలి. కొత్త షాఫ్ట్ పొడవు ఎక్కువై కోయాల్సి వస్తే లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి మీది ప్లాస్టిక్ గొట్టాలు, నాలుగింటినీ ఒకే కొలత మేర తగ్గించి కోయాలి. పూర్తిగా సాగినప్పుడు కూడా లోపలి గొట్టం బయటి దానిలో కనీసం మూడో వంతు ఉండాలి.

గొట్టానికి రెండు చివరలా సన్నని గొలుసులు వస్తాయి. ఒకటి ట్రాక్టర్‌కు, మరొకటి యంత్రానికి తగిలించాలి. గొట్టం తిరగకుండా ఆపేవి అవే. మలుపుకూ లిఫ్టుకూ సరిపడా వదులు ఉంచండి. షాఫ్ట్ ఊడదీసినప్పుడు దాన్ని ఆ గొలుసుతో వేలాడదీయకండి, బరువుకు తెగిపోతుంది.

ఒకచోట నిలిపి నడిపే యంత్రాలకు?

పంపు, నూర్పిడి యంత్రం, పాలిష్ డ్రమ్ము లాంటివి కదలవు కాబట్టి గొట్టానికి తోడు ఇనుప సొరంగం కూడా పెట్టవచ్చు. యాంగిల్ ఫ్రేముకు 3 మిల్లీమీటర్ల రేకు మూడు వైపులా బిగించి షాఫ్ట్ మీద బోర్లించాలి. పక్క రేకులు షాఫ్ట్ కంటే బాగా కిందికి దిగాలి. నేలమీద కాళ్ళతో నిలబడాలి గానీ షాఫ్ట్ మీద ఆనకూడదు. రేకు బదులు జాలీ వేస్తే దాని కళ్ళలో వేలు దూరకూడదు. దీనివల్ల షాఫ్ట్‌ను దాటి అవతలికి వెళ్ళే అలవాటు కూడా ఆగుతుంది. ఎన్నో ప్రమాదాలు ఆ దాటడంలోనే జరుగుతాయి.

గార్డు పెడితే గ్రీజు కొట్టడం కష్టం కదా?

చాలామంది గార్డు తీసి పారేయడానికి అసలు కారణం ఇదే. అందుకే చేయించేటప్పుడే పనికి అడ్డు రాకుండా చూసుకోవాలి. కప్పును ఒక వైపు బందుతో, మరో వైపు బోల్టుతో పెడితే పైకి లేపి గ్రీజు గన్ను పెట్టవచ్చు. బందు మీద తెరుచుకునే భాగం చేత్తో కాకుండా పానాతో విప్పేలా ఉండాలి. చేత్తో తెరుచుకునేదైతే ఇంజన్ నడుస్తుండగానే తెరుస్తారు. గొట్టం గార్డులో బేరింగు రింగులకు కూడా గ్రీజు కావాలి. అది ఎండిపోతే గొట్టం షాఫ్ట్‌ను పట్టుకుని తిరుగుతుంది.

సరిగా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

ఇంజన్ ఆపండి, తాళం తీసి జేబులో వేసుకోండి, షాఫ్ట్ పూర్తిగా నిలిచేదాకా ఆగండి. పాత సింగిల్ క్లచ్ బళ్ళలో క్లచ్ తొక్కాక కూడా బరువైన యంత్రం ఊపుకు షాఫ్ట్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. తర్వాత గొలుసులు విప్పి, గొట్టాన్ని చేత్తో తిప్పి చూడండి. లోపలి షాఫ్ట్ కదలకుండా గొట్టం తేలిగ్గా తిరగాలి. తిరిగితే గొలుసులు మళ్ళీ తగిలించండి. పగుళ్ళు, ఊడిన మూతులు, తెగిన గొలుసులు సీజనులో రోజూ పని మొదలుపెట్టే ముందు చూసుకోవాలి.

చట్టం ఏమంటుంది?

ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం 1983లోనే వచ్చింది. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్న రైతులు, కూలీలే దానికి ముఖ్య కారణం. నష్టపరిహారం గురించి కూడా ఆ చట్టంలో ఉంది. కానీ పరిహారంతో తెగిన చెయ్యి తిరిగి రాదు.

ట్రాక్టర్ యజమానులకు, యంత్రాలు అద్దెకు తిప్పేవాళ్ళకు ఒక్క మాట. రేకు, బోల్టులు, వెల్డింగ్ కూలి, గొట్టం గార్డు అన్నీ కలిపినా ఒక టైరు ఖర్చు కాదు. ఈ సీజను పని ఒప్పుకునే ముందే చేయించండి. యంత్రం పిలిపించుకునే రైతులకూ, కూలికి వెళ్ళేవాళ్ళకూ మరో మాట. షాఫ్ట్ బయటికి కనబడుతూ తిరుగుతుంటే దాని దగ్గర పనికి ఒప్పుకోకండి. గార్డు పెట్టాకే నడపమని అడగండి. అది మీ హక్కు.