వినునది చెవియా, మెదడా?

శబ్దమును వినునది చెవి యని యందఱు ననుకొనుచుందురు. అది సగము మాత్రమే నిజము. చెవి శబ్దమును దెచ్చి యప్పగించును; అది మాటయో, పాటయో, బండిచప్పుడో తెలిసికొనునది మెదడు. ఆ విధమును చదువరులకు గొంత వివరింప దలచితిమి.

గాలిలోని కదలిక కర్ణరంధ్రమున బ్రవేశించి కర్ణభేరిని చలింపజేయును. దాని వెనుక మూడు చిన్న యెముకలు గొలుసువలె నమరియున్నవి. వాని రూపములను బట్టి సుత్తి, దాగలి, రికాబు అని పేరులు. మన శరీరమున రికాబుకంటె చిన్న యెముక లేదు. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. ఇవి యా చలనమును, నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన యొక గొట్టములోని ద్రవమునకు జేర్చును. అందు సన్నని రోమములుగల కణములు వరుసలుగ నున్నవి. గొట్టపు మొదటనున్నవి హెచ్చుస్థాయి స్వరములకును, కొసనున్నవి మంద్రస్వరములకును చలించును. హార్మోనియము మెట్లను చుట్టగా జుట్టినట్లు భావింపవచ్చును. ఈ యేర్పాటును పరిశోధించిన బెకెషీ యను శాస్త్రజ్ఞుడు 1961లో నోబెల్ బహుమానము నందెను.

ఇంతవఱకు చెవి పని. రోమకణములు చలనమును విద్యుత్సంకేతములుగ మార్చగా శ్రవణనాడి వానిని మెదడునకు గొనిపోవును. మెదడు క్రిందిభాగమున రెండు చెవుల వార్తలును పోల్చిచూడబడును. కుడివైపున కాకి యఱచిన, ఆ ధ్వని ఎడమచెవికంటె కుడిచెవిని ముందు జేరును. భేదము సెకనులో వేయవవంతునకు లోపే. అయినను మన తల యటే తిరుగును! పిమ్మట సంకేతములు కణతల లోపలి మస్తిష్కభాగమును జేరును.

అయితే మెదడు తన భాషను పుట్టుకతో నెఱుగదు. ట, త లు మనకు వేఱు. ఆంగ్లేయులకు తొలుత రెండును నొకటిగనే తోచును. వారి చెవిలో లోపము లేదు. వెర్కర్, టీస్ అను నిరువురు 1984లో ప్రకటించిన పరిశోధనలో, హిందీలోని యిట్టి హల్లుల భేదమును ఆంగ్లము మాటలాడు ఇండ్లలోని 6-8 నెలల శిశువులు గుర్తించిరి. సంవత్సరము నిండువేళకు ఆ శక్తి చాల వఱకు క్షీణించెను. చుట్టుప్రక్కల వినబడని భేదమును మెదడు విడిచిపెట్టును. పరదేశీయుడు తాతను టాటా యనిన నవ్వెడి బాలురు, ఆంగ్లములోని వి, డబ్ల్యు లను తాము వేఱుగ బలుకుచున్నారో లేదో చూచుకొందురుగాక!

మఱియొక వింత. 1970లో వారెన్ అను శాస్త్రజ్ఞుడు ఒక వాక్యములోని ధ్వనిని తీసివైచి, అచ్చోట దగ్గును జేర్చి వినిపించెను. విన్నవారు ఇంచుమించు అందఱును ఏ ధ్వనియు లోపింపలేదనిరి. మెదడే దానిని పూరించెను.

ఈ గుణమే యొక్కొకచో పిల్లలకు హాని చేయును. పడిశము పిమ్మట కర్ణభేరి వెనుక నీరు చేరినచో శబ్దములు మందగించును. అచ్చులు వినబడును, బలహీనమైన హల్లులు జాఱిపోవును. మెదడు ఊహించి పూరించును. మాటలు తక్కువ యెఱిగిన చిన్నవాని యూహ తఱచు తప్పును. తాను వినలేదని వానికే తెలియదు. పిలిచిన బలుకడనియు, ఉక్తలేఖనమున తప్పులనియు దండించుటకు ముందు, వాని వెనుక నిలిచి మెల్లగ పేరుపెట్టి పిలిచి చూడవలెనని తలిదండ్రులకును ఉపాధ్యాయులకును మా మనవి. పలుకకున్నచో చెవి వైద్యునికి జూపవలెను.

పుట్టుచెవిటి శిశువు విషయమున కాలము మఱింత విలువైనది. పుట్టిన కొలది దినములకే వినికిడిని పరీక్షించు యంత్రములు నేడు గలవు. శ్రవణనాడికి నేరుగ సంకేతములనిచ్చు సాధనమును తొలి యేండ్లలోనే యమర్చినచో పెక్కుమందికి మాటలు వచ్చును. ఆలస్యమైనచో, ధ్వని మెదడును జేరినను, దానిని మాటగా గ్రహించుట మెదడునకు మిక్కిలి కష్టమగును.