చిత్రశాలలు, క్రొత్త చిత్రకారులు



మా మందమర్రిలో బొగ్గునకు కొదువ లేదు. నేను బడిలో పాఠములు చెప్పుచున్న దినములలో నొక బాలుడు ఆ బొగ్గుతోడనే బడిగోడపై తన తండ్రి రూపమును వ్రాసెను. టోపీపై దీపము, చేతిలో సద్దిడబ్బా, వంగిన నడుము, అన్నియు నుండెను. గోడ పాడుచేసితివని మందలించి, వానిచేతనే కడిగించితిని. పిమ్మట వాడు గీయుట నేను చూడలేదు. ఈ మాటతో ప్రసంగము మొదలిడుట నాకు సుఖముగా లేదు. అయినను చెప్పక తప్పదు.

మ్యూజియమనగా మనకు పాత కత్తులు, నాణెములు, విగ్రహములు తోచును. హైదరాబాదులో సాలార్‌జంగు మ్యూజియమునకు పోయి గంటకొట్టు గడియారమునెదుట నిలువనివారు మనలో నెందరు? అది గతించినవారి సొత్తును కాచు చోటు. జీవించియున్న చిత్రకారులకై వెలసిన శాల వేరు. అది పేరులేని క్రొత్తవాని చిత్రమును వెలయిచ్చి కొనును. నలుగురు చూచుటకు గోడ నిచ్చును. ఒక్కొక్కచోట కొన్ని నెలలు గ్రాసమును గూడ నిచ్చును. న్యూయార్కు నగరమున హార్లెమను పేటలో 1968లో వెలసిన శాలకు పేరే స్టూడియో మ్యూజియము. స్టూడియో యనగా చిత్రకారుడు పనిచేయు గది. ఆఫ్రికా సంతతికి చెందిన వర్ధమాన కళాకారులను కొందరిని ఎన్నుకొని, వారికి పనిగదియు ధనమును ఒసగి, వారి పనిని లోకమునకు చూపుట ఆ శాల నడపిన పద్ధతి. ఇది మనకు క్రొత్త గాదు. నేను వారములు చేసికొని సంస్కృతము చదివినవాడను. ఏడిండ్ల తల్లులు అన్నము పెట్టకున్నచో నాకు రఘువంశము వచ్చియుండెడిది కాదు.

రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావుగారి కథ వినుడు. అచటి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడైన ఆస్వాల్డు కూల్‌డ్రే దొర తానును చిత్రకారుడే. ఆయన ఈ బాలుని చేతిని గుర్తెరిగి బొంబాయి జె.జె. కళాశాలకు పంపించెను. నావలె గోడ కడిగింపలేదు. రామారావుగారు తిరిగివచ్చి, స్వస్థలముననే చిత్రకళాశాలను నెలకొల్పి ఇతరులకు నేర్పిరి. 1925లో మసూచికముచే, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే గతించిరి. వరదా వెంకటరత్నముగారు మొదలగు మిత్రులు ఆ కృషిని నిలిపిరి. ఆయన చిత్రములు నేటికిని ఆ యూర ఆయన పేరిటి చిత్రశాలలో నున్నవి.

అది దూరమందురా? గోదావరి కావలిగట్టున, పూర్వపు కరీంనగరము జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠముగారు లలితకళా అకాడమీ ఇచ్చిన వేతనముతో బరోడా పోయి, కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారి యొద్ద నేర్చిరి. నేర్చి వ్రాసినది మన పల్లె స్త్రీలనే. పెద్ద బొట్టు, నిండు గాజులు, ముదురురంగు చీర. చూచినచో మన యింటి ఆడపడుచువలెనే తోచును.

నాడు గోడ కడిగిన బాలుడు నేడు గనిలో పనిచేయుచున్నాడు. మొన్న సంతలో కనబడి నమస్కరించెను. ఇంకను బొమ్మలు వేయుదువా నాయనా యని యడిగితిని. నవ్వి, నేను కాదు సార్, నా బిడ్డ వేయుచున్నదనెను. ఆ బాలిక వ్రాసిన కాగితములు నాలుగు ఇపుడు నా బల్లపై నున్నవి. హైదరాబాదున మాదాపురమందు రాష్ట్ర చిత్రశాల కలదు. వచ్చునెల రైలెక్కునపుడు వానిని వెంట గొనిపోవుదును.