మాలు మనది, మాల్ వారిది

తెలుగువారికి “షాపింగ్ మాల్” అనగానే మొదట తోచునది చీరల అంగడి. హైదరాబాదులోను, విశాఖపట్టణములోను బట్టల వర్తకులే తమ అంగళ్లకు ఆ పేరు పెట్టుకొనియున్నారు. ఇంగ్లీషున ఆ మాటకు ఒకే కప్పు క్రింద అనేకుల అంగళ్లుండు కట్టడమని అర్థము. అయినను మనవారి వాడుక బొత్తిగా తప్పు కాదు. పేరుమోసిన పెద్ద అంగళ్లు కొన్ని గుడ్డల వ్యాపారముతోనే తలయెత్తినవి.

పారిస్ నగరమున బాన్ మార్షే అను అంగడిలో 1852లో బూసికో అను వర్తకుడు భాగస్వామిగా చేరెను. పడుచుతనమున ఊరూర గుడ్డలమ్మినవాడు. సరుకుపై ధర చీటీ అంటించెను, బేరము లేదు. కొనకున్నను లోనికి వచ్చి చూడవచ్చును, నచ్చనిచో వాపసు ఈయవచ్చును. అసలు కిటుకు వేరే ఉన్నది: లాభము కొద్దిగా వేసి, సరుకు త్వరత్వరగా మార్చుట. 100 రూపాయలపై ఏడాదికొకసారి 20 తీయుటకంటె, అదే 100ను నాలుగుసార్లు త్రిప్పి 8 వంతున తీసినచో 32 వచ్చును.

మన వైపున మదరాసులో స్పెన్సర్ కంపెనీ 1863లో మొదలై, 1895లో మౌంటు రోడ్డున సొంత కట్టడములోనికి మారెను. దొరల అవసరములకు వెలసిన అంగడి అది. ఆ కట్టడము 1980లలో కాలిపోగా, ఆ స్థలముననే 1991లో స్పెన్సర్ ప్లాజా మాల్ తెరచిరి. బెంగుళూరు కోరమంగలలో ఫోరం మాల్ 2004లో వచ్చినది.

ఇది మనకెందుకని అడుగు పెద్దలున్నారు. మన బేతమంగళ నుండి పాలారు నీరు కోలారు గనులకు పోయెడిది. గనుల జీతము రాబర్ట్‌సన్‌పేట అంగళ్లలో బట్టల రూపమున ఖర్చయ్యెడిది. 2001లో గనులు మూతపడినవి. నేడు ఆ కుటుంబముల పిల్లలనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు. పండుగ బట్టలు గూడ అచ్చటనే కొనివచ్చుచున్నారు. కనుక మన చీర గూడ అచ్చటికి చేరక తప్పదు.

అయితే ఏ షరతుపైన? నూలు మనము రొక్కమునకు కొందుము. కూలి వారమునకొకసారి ఈయవలెను. అంగడివారు మాత్రము “అమ్ముడైన తరువాత ఇత్తుము” అందురు. అనగా వారు నాలుగుసార్లు త్రిప్పునది మన పెట్టుబడియే! ఒక నగరపు వర్తకులు ఉగాదికి మా సంఘము చీరలు తీసికొని, దసరా దాటిన తరువాత మడతలు నలిగినవానిని వాపసు పంపిరి. పైగా మన చీటీ తీసి తమ చీటీ కుట్టియుండిరి.

2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము, నమోదైన చిన్న ఉత్పత్తిదారునికి సరుకు అందుకొన్న 45 దినములలో సొమ్ము చెల్లింపవలెను. మీరినచో బ్యాంకు రేటునకు మూడు రెట్ల వడ్డీ, అదియు చక్రవడ్డీ. సహకార సంఘములకు గూడ ఇందు చోటున్నది. కాని కాగితముపై “కొనుగోలు” అని ఉండవలెను. అమ్మితేనే డబ్బు అను ఒప్పందముతో ఈ హక్కు చిక్కులలో పడును. 2006లోనే వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు చీటీ విషయము గూడ అట్టిదే. ప్రక్కనున్న పవర్‌లూమ్ చీరనుండి మన చీరను కొనువారు వేరుచేసి చూచుటకు అది తప్ప ఆధారమేమున్నది?

రానున్న దసరాకు ఒక మాల్ వారు మా సంఘమును 300 చీరలడిగిరి. సగము సొమ్ము ముందుగా, మిగిలినది 45 దినములలో, వాపసు లేదు, మార్కు చీటీ తీయరాదు అని వ్రాసి పంపితిమి. సభ్యులలో కొందరు బేరము చెడునని భయపడుచున్నారు. జవాబు ఇంకను రాలేదు. వచ్చిన వెంటనే సర్వసభ్య సమావేశమునందుంచెదము.