పాట ఎత్తుకునేదెవరు?

మా చిలమత్తూరు వైపు చాలా ఊళ్ళలో ఒక భజన గుడి కనిపిస్తుంది. రాముడి గుడి అనో, ఆంజనేయస్వామి గుడి అనో అసలు పేరుండొచ్చు గానీ, ఊళ్ళోవాళ్ళకు మాత్రం అది భజన గుడే. గోడవారన హార్మోనియం పెట్టె, మేకుకు తగిలించిన డోలక్, గూట్లో కంచుతాళాలు, చిడతలు, నడిమధ్యన దీపపు సెమ్మె... సరంజామా అంతా ఇంతే. శనివారం రాత్రి భోజనాలయ్యాక పదిమంది చేరితే చాలు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగిలినవాళ్ళు వెనక అందుకుంటారు. ఇంత సులువైన సంగీతం ఇంకోటి ఉండదేమో! మనకు శ్రుతి తప్పినా పక్కవాళ్ళ గొంతు మనల్ని మోసుకుపోతుంది.

సులువే గానీ, ఆ దీపం చుట్టూ ఆడవాళ్ళకు చోటు దొరకడానికి ఎన్నేళ్ళు పట్టిందో కళ్ళారా చూసినదాన్ని నేను. 1988లో హిందూపురం నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. అప్పట్లో భజన మగవాళ్ళది. మేం అరుగు కింద చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. మంగళహారతి వేళకు మాత్రం లోపలినుంచి పిలుపొచ్చేది. హారతి పాట మాది, గుగ్గిళ్ళు ఉడికించడం మాది, తెల్లారి గుడి కడిగి ముగ్గేయడం మాది. పాట ఎత్తుకోవడం మాత్రం వాళ్ళది. ఇక చెక్కభజన సంగతి చెప్పనే అక్కర్లేదు. కాళ్ళకు గజ్జెలు కట్టి, ఇత్తడి బిళ్ళల చెక్కలు వాయిస్తూ గుండ్రంగా ఎగిరే ఆ ఆటలో ఆడపిల్ల అడుగు పెట్టడమా? ఇప్పుడు బడి వార్షికోత్సవాల్లో ఆడపిల్లలే చెక్కలు పట్టుకుని ఎగురుతుంటే నాకెంత ముచ్చటేస్తుందో!

అయితే ఈ మార్పు ఎవరూ పోట్లాడి తెచ్చింది కాదు. మగవాళ్ళు తగ్గిపోయారు, అంతే. వేరుశనగ పంట ఏడాదికేడాది చేతికి రాకుండా పోవడంతో కుర్రాళ్ళు బెంగళూరు బస్సెక్కారు. కొందరు తూమకుంట ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు కుదిరారు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవడం మొదలయ్యాక ఇంకొందరు అటు వెళ్ళారు. అంతకు చాలా ముందే, ఒక శనివారం రాత్రి గుళ్ళో హార్మోనియం మాస్టారు ఒక్కరే కూర్చున్నారు. మా వీధి చివరి ఇంటి అవ్వ చెప్పులు విడిచి మెట్లెక్కి లోపలికి పోయి, గూట్లోంచి తాళాలు తీసుకుంది. బయట కూర్చున్న పెద్దాయన ఎవరో ఏదో అనబోయారు. "దేవునికి గొంతు కావల్ల గానీ మీసం యాలప్పా?" అంది అవ్వ. ఆయన మారు మాట్లాడలేదు. మరుసటి శనివారానికి మేం ఆరుగురమయ్యాం.

అవ్వకు చదువు రాదు. చిన్నతనంలోనే భర్త పోయాడు. పేరంటాల్లో ఆమెకు పిలుపుండేది కాదు, పెళ్ళిళ్ళలో ఓ మూలన నిలబడేది. అలాంటి మనిషి భజనలో మొదటి గొంతు! ఆమె ఎత్తుకుంటే, తాళిబొట్టూ పసుపూ కుంకుమా ఉన్న మేమంతా వెనక పాడేవాళ్ళం. ఈ ఒక్క మాట చాలదూ, భజన మా ఊళ్ళో ఏం చేసిందో చెప్పడానికి? అలాగని అన్నీ తేలిగ్గా జరిగాయని అనుకోకండి. ఎస్సీ కాలనీ నుంచి ఇద్దరు వచ్చి కూర్చున్నప్పుడు కొందరు రెండు శనివారాలు మొహం చాటేశారు. మూడో శనివారం చాలామంది తిరిగొచ్చారు. ఒకరిద్దరు ఇప్పటికీ రారు. రాకపోతే పోయె!

అవ్వ పాటల్లో సగం కైవారం తాతయ్యవి. మీలో కొందరు ఆయన పేరు విని ఉండకపోవచ్చు. సరిహద్దు దాటి బాగేపల్లి మీదుగా పోతే కర్ణాటకలో చింతామణి తాలూకా వస్తుంది. కైవారం అక్కడే. అక్కడి యోగి నారేయణ యతీంద్రులనే జనం తాతయ్య అంటారు. 1726 నుంచి 1836 దాకా, నూటపదేళ్ళు బతికారని చెబుతారు. మొదట ఆయన గాజులమ్మే వ్యాపారి. వ్యాపారం మీద ధ్యాస లేక ఇంటికి పైసా తెచ్చేవాడు కాదని, భార్య సణిగేదని కథ. ఈ కథ చెప్పేవాళ్ళంతా ఆమెను గయ్యాళిగా చెబుతారు. ఇంట్లో బియ్యం నిండుకుంటే ఏ ఇల్లాలైనా అడక్క ఏం చేస్తుంది చెప్పండి? సరే, ఆ తర్వాత గురువు ఒక గులకరాయి ఇచ్చి, నోట్లో ఉంచుకుని అష్టాక్షరి జపించమన్నారట. రాయి కలకండ అయినప్పుడు జపం ఫలించినట్టట. అక్కడి కొండ గుహలో కూర్చుని ఆయన అలాగే చేశారని నమ్మకం.

ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ పాడారు. తమాషా ఏమిటంటే, ఆయన తెలుగు పాటల్ని సరిహద్దుకు అటువైపు కన్నడ లిపిలో అచ్చేసుకుని పాడతారు. ఇటు మేమేమో పురందరదాసు కన్నడ పదాల్ని తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్కుల్లో రాసుకుంటాం. మా అత్తగారికి ఏ పాట ఏ భాషదో తెలిసేదే కాదు. "పాట పాటే, భాష ఏందిమే?" అనేవారు.

భజన అంటే పండగ ఒక్కటే కాదు. మా వైపు ఎవరైనా పోతే ఆ రాత్రి శవం దగ్గర తత్వాలు పాడతారు. వేమనవి, వీరబ్రహ్మంగారివి, తాతయ్యవి తెల్లారేదాకా సాగుతాయి. అదీ మగవాళ్ళ పనే. ఆడవాళ్ళకు ఏడుపు ఉంది కదా! 2016లో మా బృందంలో ఒకామె చనిపోయినప్పుడు మేమే వెళ్ళి కూర్చున్నాం. అరిష్టమని ఊళ్ళో గొణిగారు. అవ్వ ఎవరి మాటా వినిపించుకోలేదు. తెల్లవారుజామున ఆ ఇంటి కోడలు మా అందరికీ కాఫీ ఇస్తూ, "ఈ రాత్రి ఎట్ల గడిచిందో నాకు తెల్దక్కా" అంది. ఆ తర్వాత మమ్మల్ని పిలవని చావిల్లు తక్కువ.

కానీ అవ్వకు మేం పాడలేకపోయాం. 2021 మేలో, కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు ఆమె పోయింది. నలుగురు మోసుకెళ్ళారు, పాట లేదు. పాడితే తప్పేమిటని మాలో కొందరికి కోపం. నాకు మాత్రం పేపర్లో చదివిన సంగతి గుర్తుంది. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్కాజిట్ లోయలో, ఒక గాయక బృందం సాధనకు కూడింది. వచ్చినవాళ్ళు 61 మంది. వాళ్ళలో 50 మందికి పైగా జబ్బుపడ్డారు, ఇద్దరు పోయారు. కలిసి పాడటమే కొంప ముంచింది. గొంతెత్తితే ఊపిరి ఎంత దూరం పోతుందో లోకమంతా అప్పుడే తెలుసుకుంది. దానికి ఏడేళ్ళ ముందు, 2013లో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి పాడేవాళ్ళ గుండె వేగం కూడా కలిసి పెరుగుతుందని, కలిసి తగ్గుతుందని కొలిచి చెప్పారు. రెండూ నిజమే. ఊపిరి కలవనిదే భజన లేదు మరి.

మళ్ళీ మొదలుపెట్టేసరికి 2022 వచ్చింది. మా జిల్లా పేరు కూడా అనంతపురం పోయి శ్రీ సత్యసాయి అయింది. ఇప్పుడు శనివారాలకు పద్నాలుగు మందిమి. 2009లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో లక్షగళార్చన అని లక్షమందికి పైగా ఒక్కసారే అన్నమయ్య కీర్తనలు పాడి గిన్నిస్ రికార్డుకెక్కారు. దాని ముందు మాది ఏపాటి? అయినా ఆ లక్షమంది ఇంటికెళ్ళిపోయారు, మేం ప్రతి వారం కూడాలి. హిందూపురం గార్మెంట్స్‌లో కుట్టే పిల్లలు నలుగురున్నారు. వాళ్ళు బస్సు దిగి, నాలుగు మెతుకులు తినేదాకా ఆగి తొమ్మిదికి మొదలుపెడతాం. మాస్టారికి చూపు మందగించింది. ఇంటర్ చదివే మనవరాలు ఫోన్లో చూసి హార్మోనియం నేర్చుకుంటోంది.

అసలు బెంగ పాటల గురించే. అవ్వ పాడినవన్నీ ఎవరూ రాసుకోలేదు. నా నోట్‌బుక్కులో ఉన్నవి కొన్ని, ఒకరి ఫోన్లో రికార్డయినవి కొన్ని. ఆమెకు బాగా ఇష్టమైన ఒక తత్వంలో మూడో చరణం మాలో ఎవరికీ నోటికి రాలేదు. కైవారంలో ఏటా గురుపౌర్ణమికి మూడు రోజులపాటు రాత్రింబవళ్ళు సంగీతోత్సవం జరుగుతుంది, ఎక్కడెక్కడి భజన బృందాలో వస్తాయి. మొన్నటిసారి మేం ఐదుగురం వెళ్ళాం. చింతామణి వైపు ముసలమ్మ ఒకామెను అడిగితే వెంటనే పాడి వినిపించింది. చరణం దొరికింది గానీ వరస వేరు, మధ్యలో రెండు మాటలూ వేరు.

ఇక చూడండి, మావాళ్ళు రెండుగా చీలారు. అవ్వ వరసలోనే పాడాలని కొందరు, తాతయ్య ఊళ్ళో దొరికిందే అసలైనదని కొందరు. పోయిన శనివారం అవ్వ వరసలో ఒకసారి, కైవారం వరసలో ఒకసారి పాడేసరికి పదకొండు దాటింది. పొద్దున డ్యూటీ ఉన్న పిల్లలు మధ్యలోనే లేచి వెళ్ళారు.